బుల్లెట్ పొడవే అసలు లెక్క: లాంగ్ రేంజ్ షూటింగ్‌కి బ్యారెల్ ట్విస్ట్ ఎంచుకునే పద్ధతి

".223లో 77 గ్రెయిన్ బుల్లెట్‌కి 1:9 ట్విస్ట్ సరిపోతుందా?" కొత్తగా రైఫిల్ కొనేవాళ్లు తప్పకుండా అడిగే ప్రశ్న ఇది. ఒకరు బ్రహ్మాండంగా పనిచేస్తుందంటారు, ఇంకొకరు 600 గజాల దగ్గర పనికిరాదంటారు. వీళ్లలో ఎవరూ అబద్ధం చెప్పడం లేదు. ఒకరు టెక్సాస్ ఎండలో కాల్చి ఉంటారు, మరొకరు మిన్నెసోటా చలిలో. రెండు జవాబులూ ఒకే లెక్కలోంచి వస్తాయి. ఆ లెక్క ఫోన్‌లోని క్యాలిక్యులేటర్‌తో రెండు నిమిషాల పని. అది మీ చేత చేయించడానికే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇక్కడ బుల్లెట్ అంటే తూటా మొత్తం కాదు, దాని కొసన ఉండి లక్ష్యం వైపు ఎగిరివెళ్లే లోహపు ముక్క మాత్రమే. దాని బరువును గ్రెయిన్లలో చెబుతారు. ఒక గ్రాముకు 15.43 గ్రెయిన్లు. .223 అన్నది తూటా రకం పేరు, అందులో బుల్లెట్ వ్యాసం .224 అంగుళాలు. 1:9 అంటే బ్యారెల్ లోపలి రైఫ్లింగ్ గాడులు 9 అంగుళాల పొడవులో ఒక పూర్తి చుట్టు తిరుగుతాయని. రెండో అంకె చిన్నదయ్యేకొద్దీ మెలి బిగువు, అంటే ట్విస్ట్ వేగం. యూరప్ కంపెనీలు ఇదే సంగతిని మిల్లీమీటర్లలో చెబుతాయి. 254 మిల్లీమీటర్లంటే 1:10, 200 మిల్లీమీటర్లంటే దాదాపు 1:8.

చట్టం సంగతీ ఇక్కడే చెప్పేస్తాను. ఈ వ్యాసం ఎక్కువగా అమెరికాలో చట్టబద్ధంగా షూటింగ్ చేసే తెలుగువాళ్ల కోసం. హెచ్1బీ లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడాన్ని అక్కడి ఫెడరల్ చట్టం సాధారణంగా నిషేధిస్తుంది. చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ వంటి కొన్ని మినహాయింపులున్నాయి. అవి మీకు వర్తిస్తాయో లేదో లాయర్‌ని అడిగి తెలుసుకోండి, స్నేహితుణ్ణి కాదు. ఇండియాలో 1959 నాటి ఆయుధాల చట్టం ప్రకారం లైసెన్స్ లేకుండా ఒక్క తూటా ఉన్నా నేరమే. రేంజ్‌కి తీసుకెళ్లే బ్యాగునే ఇండియా ప్రయాణానికి వాడకండి. అడుగున మరిచిపోయిన ఒక్క రౌండ్ విమానాశ్రయంలో కేసు అవుతుంది.

హైదరాబాద్‌లో, విశాఖలో షూటింగ్ నేర్చుకునే పిల్లలు ఎక్కువగా 10 మీటర్ల ఎయిర్ రైఫిల్, 50 మీటర్ల .22 పోటీలకు తయారవుతుంటారు. .22 ఎల్ఆర్‌లో 40 గ్రెయిన్ బుల్లెట్, 1:16 ట్విస్ట్ ఎప్పటినుంచో స్థిరపడిన జోడీ కాబట్టి అక్కడ ఎంచుకోవడానికి పెద్దగా ఏమీ ఉండదు. సెంటర్‌ఫైర్ రైఫిల్‌తో, అంటే తూటా అడుగు మధ్యలో దెబ్బ తగిలి పేలే పెద్ద రైఫిల్‌తో, 300 గజాలు దాటాకే ఈ సమస్య మొదలవుతుంది.

బుల్లెట్ ఎందుకు తిరగాలి?

దూరం వెళ్లే బుల్లెట్ ముక్కు సన్నగా, పొడుగ్గా ఉంటుంది. బరువంతా వెనక సగంలో ఉంటుంది. గాలి ఒత్తిడి మాత్రం ముక్కు వైపు, బరువు కేంద్రానికి ముందు పనిచేస్తుంది. కాబట్టి వదిలేస్తే ఆ ఒత్తిడి ముక్కును పైకెత్తి బుల్లెట్‌ను పల్టీ కొట్టిస్తుంది. తిరుగుతున్న బొంగరం పడిపోకుండా నిలబడినట్టే, తన చుట్టూ తాను తిరిగే బుల్లెట్ ఈ పల్టీని ఎదుర్కొంటుంది. సెకనుకు 2700 అడుగుల వేగంతో 1:8 బ్యారెల్ దాటిన బుల్లెట్ నిమిషానికి 2,43,000 సార్లు తిరుగుతుంది. వేగాన్ని 720తో గుణించి ట్విస్ట్ అంకెతో భాగిస్తే ఈ సంఖ్య వస్తుంది.

బుల్లెట్ పొడవు పెరిగితే గాలి ఒత్తిడికీ బరువు కేంద్రానికీ మధ్య దూరం పెరుగుతుంది, పల్టీ కొట్టించే బలమూ పెరుగుతుంది. అంటే ట్విస్ట్‌ను నిర్ణయించేది పొడవు. ఒకే క్యాలిబర్‌లో, అంటే ఒకే వ్యాసంలో, ఒకే రకం లోహంతో చేసినవైతే బరువైనది పొడుగ్గానే ఉంటుంది కాబట్టి జనం బరువు పేరుతో మాట్లాడుకుంటారు. ఆ అలవాటు చాలాసార్లు పనిచేస్తుంది, కొన్నిసార్లు గట్టిగా దెబ్బతీస్తుంది. పూర్తిగా రాగితో చేసిన బుల్లెట్ దీనికి మంచి ఉదాహరణ. రాగి సీసం కన్నా తేలిక కాబట్టి అదే బరువుకు రాగి బుల్లెట్ బాగా పొడుగ్గా వస్తుంది. కాలిఫోర్నియాలో 2019 జులై 1 నుంచి వేటకు సీసం బుల్లెట్లు ఎక్కడా వాడకూడదు. అక్కడ వేటాడేవాళ్లు పాత సీసం బుల్లెట్ బరువే చూసుకుని రాగిది కొంటే, నిన్నటిదాకా బాగా కాల్చిన బ్యారెల్‌కి ఆ బుల్లెట్ పొడవు ఎక్కువైపోవచ్చు.

ట్విస్ట్ తప్పుగా ఎంచుకుంటే ఏమవుతుందో చెప్పే పాత కథ 1955 నాటిది. ఆ ఏడాది వించెస్టర్ కంపెనీ .243 తూటాను, రెమింగ్టన్ కంపెనీ .244 తూటాను తెచ్చాయి. రెండూ 6 మిల్లీమీటర్ల బుల్లెట్ కాల్చేవే, శక్తిలో రెండోది కాస్త మెరుగు కూడా. కానీ వించెస్టర్ 1:10 ఇచ్చింది, రెమింగ్టన్ 1:12 ఇచ్చింది. జింకల వేటకు 100 గ్రెయిన్ బుల్లెట్ కావాలనుకున్నవాళ్లంతా వించెస్టర్ వైపు వెళ్లిపోయారు. రెమింగ్టన్ తప్పు దిద్దుకుని 1:9 బ్యారెల్ పెట్టి, 1963లో దాన్ని 6 ఎంఎం రెమింగ్టన్ అనే కొత్త పేరుతో తెచ్చేసరికి ఆలస్యమైపోయింది. .243 ఇప్పటికీ ప్రతి షాపులో దొరుకుతుంది.

1. ముందు బుల్లెట్, తర్వాత బ్యారెల్

చాలామంది రైఫిల్ కొనేసి, తర్వాత దానికి సరిపడే బుల్లెట్ వెతుకుతారు. లాంగ్ రేంజ్‌లో ఈ క్రమం తిరగేయాలి. ఎంత దూరం కాల్చాలి, ఏ పోటీలో కాల్చాలి అన్నది ముందు తేల్చుకుని, ఆ పనికి తగిన బుల్లెట్ ఎంచుకుని, ఆ బుల్లెట్‌కి సరిపడే బ్యారెల్ కొనండి.

రైఫిల్‌ను రెండు కాళ్ల స్టాండ్ మీద ఆనించి దూరపు లక్ష్యాలను కాల్చే ఎఫ్-టీఆర్ పోటీల్లో రెండే క్యాలిబర్లకు అనుమతి: .223 రెమింగ్టన్, .308 వించెస్టర్. అక్కడ .223 ఎంచుకున్నవాళ్లు గాలికి తట్టుకునేందుకు 90 గ్రెయిన్ దాకా వెళతారు, అందుకే 1:7 లేదా ఇంకా బిగువైన బ్యారెల్ పెట్టించుకుంటారు. 800, 900, 1000 గజాల పామా పోటీల్లో సంప్రదాయంగా .308లో 155 గ్రెయిన్ బుల్లెట్ వాడతారు. ఆ పొట్టి బుల్లెట్‌కి 1:13 చాలు. క్యాలిబర్ అదే, దూరం అదే, ట్విస్ట్ మాత్రం వేరు. కారణం బుల్లెట్ వేరు కావడమే.

మ్యాగజైన్ పొడవు కూడా ఇప్పుడే చూసుకోవాలి. .223 కాల్చే ఏఆర్-15 రైఫిల్ మ్యాగజైన్‌లో తూటా మొత్తం పొడవు దాదాపు 2.26 అంగుళాలకు మించితే పట్టదు. .224లో 80 గ్రెయిన్ మ్యాచ్ (పోటీల కోసం చేసిన) బుల్లెట్లున్న తూటాలను అందుకే ఒక్కొక్కటిగా చేత్తో చాంబర్‌లో, అంటే బ్యారెల్ వెనక తూటా కూర్చునే చోట, పెట్టి కాలుస్తారు. మీ పోటీలో పది రౌండ్లు చకచకా కాల్చాలంటే అంత పొడవు బుల్లెట్ మీకు పనికిరాదు, దానికోసం 1:7 బ్యారెల్‌కి డబ్బు పెట్టనక్కర్లేదు.

2. పొడవు కొలవండి

డిజిటల్ క్యాలిపర్ తీసుకుని, డబ్బాలోంచి ఓ ఐదారు బుల్లెట్లు కొలిచి సగటు తీయండి. అడుగు నుంచి ముక్కు కొస వరకు మొత్తం పొడవు కావాలి. రీలోడింగ్ చేసేవాళ్లు, అంటే తూటాలు సొంతంగా నింపుకునేవాళ్లు, ముక్కు వంపు దగ్గర కొలిచే కంపారేటర్ కొలత ఇక్కడ పనికిరాదు. బోలు ముక్కున్న మ్యాచ్ బుల్లెట్ల కొసలు ఎగుడుదిగుడుగా ఉంటాయి కాబట్టి ఒక్కటే కొలిచి ఊరుకోవద్దు.

ఫ్యాక్టరీ తూటాలు కాల్చేవాళ్లు లోపలి బుల్లెట్ బయటికి తీయాల్సిన పనిలేదు. ఆ బుల్లెట్ తయారుచేసిన కంపెనీ పొడవును, కనీసం కావాల్సిన ట్విస్ట్‌ను చాలావరకు తన పట్టికలోనే ఇస్తుంది.

ప్లాస్టిక్ కొస ఉన్న బుల్లెట్లకు చిన్న సవరణ ఉంది. కొస పొడవును పెంచుతుంది, బరువు మాత్రం దానిలో దాదాపు లేదు. అందుకని కింద చెప్పబోయే సూత్రం ఇలాంటి బుల్లెట్‌కి ఉన్న స్థిరత్వం కన్నా తక్కువ చూపిస్తుంది. లెక్కలో 1.5 వస్తే నిజానికి ఇంకాస్త ఎక్కువే ఉందనుకోవచ్చు.

3. మీ బ్యారెల్ ట్విస్ట్ మీరే కొలవండి

కొత్త బ్యారెల్ మీద చాలావరకు ట్విస్ట్ చెక్కి ఉంటుంది. పాత రైఫిల్ మీదా, చేతులు మారిన రైఫిల్ మీదా ఉండకపోవచ్చు, ఉన్నా బ్యారెల్ మార్చేసి ఉండొచ్చు. కొలవడం పది నిమిషాల పని.

మ్యాగజైన్ తీసేయండి. చాంబర్ ఖాళీగా ఉందని కంటితో చూసి, వేలు పెట్టి కూడా నిర్ధారించుకోండి. చాంబర్‌ను వెనక నుంచి మూసే బోల్ట్‌ను బయటికి తీసేయండి. పిడి స్వేచ్ఛగా తిరిగే క్లీనింగ్ రాడ్ కావాలి, అంటే లోపల రాడ్ తిరుగుతున్నా చేతిలో పిడి కదలకూడదు. రాడ్ కొసన బిగించే జాగ్‌కి బిగుతుగా పట్టే ప్యాచ్ (గుడ్డ ముక్క) తొడిగి, చాంబర్ వైపు నుంచి బ్యారెల్‌లోకి తోయండి. గాడులు ప్యాచ్‌ను పట్టుకున్నాక రాడ్ మెల్లగా తిరగడం తెలుస్తుంది. అక్కడ ఆగి, రాడ్ పైభాగాన పిడి దగ్గర చిన్న టేపు ముక్కను జెండాలా నిటారుగా అంటించండి. రిసీవర్ (బోల్ట్ కూర్చునే భాగం) వెనక అంచు తాకే చోట రాడ్ మీద పెన్నుతో గీత పెట్టండి. ఇప్పుడు నిదానంగా తోయండి. జెండా పక్కకు వాలి, కిందికి దిగి, రెండో వైపు నుంచి లేచి మళ్లీ నిటారుగా నిలబడగానే ఆపి, అదే అంచు దగ్గర రెండో గీత పెట్టండి. రెండు గీతల మధ్య దూరమే మీ ట్విస్ట్.

మూడుసార్లు చేయండి. మూడూ పావు అంగుళం తేడాలోపు వస్తే నమ్మొచ్చు. ఒక్కోసారి ఒక్కోలా వస్తే ప్యాచ్ వదులై గాడుల మీద జారుతోందన్నమాట. ఇంకాస్త మందమైన ప్యాచ్ వేయండి. పొట్టి బ్యారెల్‌లో పూర్తి చుట్టుకి చోటు చాలకపోతే సగం చుట్టు కొలిచి రెట్టింపు చేయండి.

4. లెక్క చేయండి

దీనికి రెండు సూత్రాలు వాడుకలో ఉన్నాయి. పాతది 1879లో ఇంగ్లండ్‌లోని వూలిచ్‌లో గణితం బోధించిన గ్రీన్‌హిల్ ఇచ్చింది. అది చాలా తేలిక: బుల్లెట్ వ్యాసాన్ని దానితోనే గుణించి, మళ్లీ 150తో గుణించి, పొడవుతో భాగించండి. అన్నీ అంగుళాల్లోనే. వచ్చేది మీకు కావాల్సిన ట్విస్ట్. వేగం 2800 అడుగులు దాటితే 150కి బదులు 180 వాడతారు. .308లో 1.24 అంగుళాల పొడవున్న 175 గ్రెయిన్ బుల్లెట్‌కి ఇది దాదాపు 11.5 చెబుతుంది. అమెరికా సైన్యం ఎం24 స్నైపర్ రైఫిల్‌కి పెట్టిన ట్విస్ట్ 1:11.25. నూట నలభై ఏళ్లు దాటిన సూత్రానికి ఇది తక్కువేమీ కాదు. రేంజ్‌లో నిలబడి నోటితో వేసుకునే అంచనాకి నేను ఇప్పటికీ దీన్నే వాడతాను.

కానీ గ్రీన్‌హిల్ సూత్రం ఒక ట్విస్ట్ చెప్పి ఊరుకుంటుంది. మీ దగ్గరున్న బ్యారెల్‌లో ఎంత మిగులు ఉందో చెప్పదు. ఆ పని 2005లో డాన్ మిల్లర్ ప్రచురించిన సూత్రం చేస్తుంది. అందులో వచ్చే సంఖ్యను గైరోస్కోపిక్ స్థిరత్వ సంఖ్య అంటారు, పొట్టిగా ఎస్‌జీ.

ఎస్‌జీ = (30 × బరువు) ÷ (ట్విస్ట్² × వ్యాసం³ × పొడవు × (1 + పొడవు²))

బరువు గ్రెయిన్లలో, వ్యాసం అంగుళాల్లో వేయాలి. ట్విస్ట్, పొడవు మాత్రం అంగుళాల్లో కాదు, క్యాలిబర్లలో వేయాలి, అంటే రెండింటినీ బుల్లెట్ వ్యాసంతో భాగించాకే వాడాలి. కొత్తవాళ్ల లెక్క తప్పేది ఇక్కడే. ఎస్‌జీ 40 అనో 400 అనో వస్తే ఈ భాగహారం మరిచిపోయారన్నమాట.

పైన చెప్పిన 175 గ్రెయిన్ బుల్లెట్‌ను 1:12 బ్యారెల్‌లో వేసి చూద్దాం. ట్విస్ట్: 12 ÷ 0.308 = 38.96, దాని వర్గం 1518. వ్యాసం ఘనం 0.0292. పొడవు: 1.24 ÷ 0.308 = 4.03. పొడవు వర్గానికి ఒకటి కలిపితే 17.2, దాన్ని మళ్లీ 4.03తో గుణిస్తే 69.3. కింద ఉన్నవన్నీ గుణిస్తే దాదాపు 3070. పైన 30 × 175 = 5250. భాగిస్తే 1.71.

ఈ సూత్రం సెకనుకు 2800 అడుగుల వేగం అనుకుని చెప్పింది. మీ వేగం వేరైతే, దాన్ని 2800తో భాగించి, ఘనమూలం తీసి, వచ్చినదానితో ఎస్‌జీని గుణించండి. 2600 అడుగులైతే 0.976 వస్తుంది, ఎస్‌జీ 1.67కి దిగుతుంది. ఇక్కడ గమనించాల్సింది ఆ తగ్గుదల ఎంత చిన్నదో! వేగం 200 అడుగులు పడిపోయినా పెద్దగా ఏమీ కాలేదు. "ట్విస్ట్ చాలకపోతే తూటాలో తుపాకి మందు పెంచి వేగం పెంచు" అని సలహా ఇచ్చేవాళ్లున్నారు. దాని వల్ల ఎస్‌జీ పిసరంత పెరుగుతుంది, చాంబర్ ఒత్తిడి మాత్రం ప్రమాదకరంగా పెరుగుతుంది. ఆ దారి పట్టకండి. రీలోడింగ్ మ్యాన్యువల్ చెప్పిన గరిష్ఠం దాటకండి.

5. వాతావరణం కలపండి

చాలామంది వదిలేసే మెట్టు ఇది. నా దృష్టిలో అన్నింటికన్నా ముఖ్యమైనదీ ఇదే. గాలి చిక్కబడితే బుల్లెట్‌ను పల్టీ కొట్టించే బలం పెరుగుతుంది. చలిలో గాలి చిక్కగా ఉంటుంది, వేడిలోనూ ఎత్తైన ప్రాంతాల్లోనూ పలుచగా ఉంటుంది. పైన వచ్చిన ఎస్‌జీ 15 డిగ్రీల సెల్సియస్ దగ్గర, సముద్ర మట్టం దగ్గర లెక్క. మీ వాతావరణానికి మార్చాలంటే రెండు గుణకారాలు: ఉష్ణోగ్రతకు 273 కలిపి 288తో భాగించి వచ్చినదానితో ఒకటి, 29.92ను మీ చోటి పీడనంతో భాగించి వచ్చినదానితో ఇంకొకటి. పీడనం పాదరస అంగుళాల్లో.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. .224లో 0.99 అంగుళాల పొడవున్న 77 గ్రెయిన్ బుల్లెట్, 1:9 బ్యారెల్, వేగం 2750 అడుగులు. మిల్లర్ లెక్క 1.39 చెబుతుంది. టెక్సాస్‌లో 38 డిగ్రీల ఎండలో అది 1.50. మిన్నెసోటాలో మైనస్ 10 డిగ్రీల దగ్గర 1.27. అదే బుల్లెట్‌కి 1:8 బ్యారెల్ అయితే మామూలు వాతావరణంలో 1.77, ఆ చలిలోనూ 1.6. అందుకే 77 గ్రెయిన్ కాల్చదలచినవాళ్లు కళ్లు మూసుకుని 1:8 తీసుకోవచ్చంటాను. 1:12 అయితే 0.8 కూడా రాదు, బుల్లెట్ పల్టీ కొడుతుంది.

ఈ లెక్క కాగితం మీది ముచ్చట కాదని చెప్పడానికి అమెరికా సైన్యపు ఎం16 రైఫిల్ చరిత్ర చాలు. దానికి మూలమైన తొలినాళ్ల ఏఆర్-15కి 1:14 ట్విస్ట్ ఉండేది. 55 గ్రెయిన్ బుల్లెట్ పొడవు 0.74 అంగుళాలు, వేగం 3200 అనుకుంటే ఎస్‌జీ సరిగ్గా 1 దగ్గర ఉంటుంది. వెచ్చని చోట ఎలాగో నెట్టుకొచ్చింది. మైనస్ 54 డిగ్రీల చలికి పరీక్షించినప్పుడు గురి చెదిరిపోయింది. లెక్క వేస్తే ఆ చలిలో ఎస్‌జీ 0.76. 1963లో ట్విస్ట్‌ను 1:12కి మార్చారు. ఆ మార్పుతో అదే చలిలో ఎస్‌జీ 1.03, గట్టెక్కడానికి సరిగ్గా చాలినంత. 1980లలో వచ్చిన ఎం16ఏ2కి 1:7 పెట్టడానికి కారణం 62 గ్రెయిన్ మామూలు బుల్లెట్ కాదు, దానికి 1:9 చాలు. దానితో పాటు కాల్చాల్సిన పొడవాటి ట్రేసర్ (దారి పొడవునా వెలుగు చార చూపించే) బుల్లెట్ కోసం అంత బిగువు కావాల్సివచ్చింది.

పీడనం దగ్గర ఒక ఉచ్చు ఉంది. ఫోన్‌లోని వాతావరణ యాప్ చూపించేది సముద్ర మట్టానికి సర్దిన పీడనం. కొండ మీద నిలబడినా అది 29.9 దగ్గరే చూపిస్తుంది. మీకు కావాల్సింది నిలబడిన చోటి అసలు పీడనం. దాన్ని స్టేషన్ ప్రెషర్ అంటారు, చేతిలో పట్టుకునే వెదర్ మీటర్ చూపిస్తుంది. న్యూమెక్సికోలోని రాటన్ దగ్గరున్న విటింగ్‌టన్ సెంటర్ రేంజ్ 6000 అడుగుల పైన ఉంటుంది. అక్కడ పీడనం 23.5 అంగుళాల చుట్టుపక్కల ఉంటే ఎస్‌జీ నాలుగో వంతుకు పైగా పెరుగుతుంది. అక్కడ బాగా కాల్చిన రైఫిల్‌ను నమ్ముకుని జనవరిలో సముద్ర తీరపు రేంజ్‌కి వెళితే ఆ మిగులంతా ఆవిరైపోతుంది.

కాబట్టి సగటు వాతావరణానికి లెక్క వేయకండి. మీరు కాల్చబోయే చోట్లలో అతి చల్లని ఉదయం, అతి తక్కువ ఎత్తు తీసుకుని వేయండి. అప్పుడు సరిపోయింది మిగతా అన్ని రోజులూ సరిపోతుంది.

6. వచ్చిన సంఖ్యను చదవండి

ఎస్‌జీ 1 కన్నా తక్కువైతే బుల్లెట్ పల్టీ కొడుతుంది, దాని గురించి మాట్లాడటానికి ఇంకేం లేదు. 1.5 గానీ అంతకన్నా ఎక్కువ గానీ ఉంటే నిశ్చింత.

ప్రమాదం ఈ రెంటి మధ్యలో ఉంది, ఎందుకంటే అది కంటికి కనబడదు. ఎస్‌జీ 1.25 ఉన్న రైఫిల్ 100 గజాల దగ్గర చక్కని గ్రూపు ఇస్తుంది, అంటే చిల్లులన్నీ దగ్గర దగ్గరగా పడతాయి, కాగితం మీద గుండ్రటి చిల్లులే పడతాయి. కానీ బుల్లెట్ ముక్కు కొద్దికొద్దిగా ఊగుతూ వెళుతుంది కాబట్టి గాలి దాన్ని ఎక్కువగా అడ్డుకుంటుంది. గాలిని చీల్చుకుపోయే సామర్థ్యాన్ని చెప్పే బాలిస్టిక్ కోఎఫిషియెంట్ (పొట్టిగా బీసీ) తగ్గిపోతుంది. 1.5 కింద ఎస్‌జీ 0.1 తగ్గినప్పుడల్లా బీసీ సుమారు 3 శాతం పోతుందని షూటర్లు వాడే అంచనా. 1.3 దగ్గర అది 6 శాతం. .308తో 1000 గజాల దగ్గర బుల్లెట్ దాదాపు ఒక అడుగు కిందికి దిగడానికి అది చాలు, పక్కగాలికి కొట్టుకుపోవడం దీనికి అదనం. మంచి బీసీ కోసమేగా అంత డబ్బు పోసి పొడవైన మ్యాచ్ బుల్లెట్ కొన్నది! ఆ లాభాన్ని చాలని ట్విస్ట్ తినేస్తుంది.

ట్విస్ట్ మరీ బిగువైతే నష్టం లేదా? ఉంది, కానీ జనం భయపడేంత కాదు. బరువు కేంద్రం వెంట్రుకవాసి పక్కకున్న బుల్లెట్‌ను ఎంత వేగంగా తిప్పితే బ్యారెల్ దాటగానే అంతగా పక్కకు విసిరేస్తుంది. రైఫిల్‌ను బల్ల మీద ఆనించి కాల్చే 100, 200 గజాల బెంచ్‌రెస్ట్ పోటీల్లో 6 పీపీసీ అనే తూటాతో 68 గ్రెయిన్ల చుట్టుపక్కల బుల్లెట్లు కాల్చేవాళ్లు 1:14 దగ్గర ఆగిపోవడానికి కారణం ఇదే. వాళ్లు గెలుపోటములు అంగుళంలో వందో వంతుల్లో లెక్కిస్తారు. 1000 గజాల దగ్గర నిలబడ్డ మనకు ఇప్పటి మంచి బుల్లెట్లతో ఆ తేడా కనిపించదు. నిజంగా జాగ్రత్త పడాల్సింది పలుచని జాకెట్ (పై పొర) ఉన్న, చిన్న జంతువుల వేటకు వాడే వర్మింట్ బుల్లెట్లతోనే. 1:7 బ్యారెల్‌లో 3200 అడుగుల వేగమంటే నిమిషానికి 3,29,000 చుట్లు. ఆ తిప్పుడుకి కొన్ని గాలిలోనే చిట్లిపోతాయి. టార్గెట్ మీద చిల్లే పడదు, దారిలో బూడిదరంగు చార మాత్రం కనిపిస్తుంది.

రెండు ట్విస్ట్‌ల మధ్య ఊగిసలాడుతుంటే బిగువైనదే తీసుకోండి. చాలని ట్విస్ట్‌కి విరుగుడు లేదు, ఎక్కువైన ట్విస్ట్‌తో బతకొచ్చు.

షాపులో చూసుకోవడానికి కొన్ని జోడీలు ఇస్తున్నాను. ఇవి లోపల సీసం, పైన రాగి జాకెట్ ఉన్న బుల్లెట్లకే. పూర్తిగా రాగితో చేసిన బుల్లెట్లకు తప్పకుండా లెక్క వేయండి.

- .224: 55 గ్రెయిన్ వరకు 1:12, 62 నుంచి 69 వరకు 1:9, 75, 77 అయితే 1:8, 80 నుంచి 90 వరకు 1:7.
- 6 ఎంఎం: 105 నుంచి 110 వరకు మ్యాచ్ బుల్లెట్లకు 1:8 లేదా 1:7.5.
- 6.5 ఎంఎం: 140 నుంచి 147 వరకు 1:8. 2007లో హార్నడీ కంపెనీ తెచ్చిన 6.5 క్రీడ్‌మోర్ తూటా ఇంతగా వ్యాపించడానికి ఒక కారణం, మొదటినుంచీ ఫ్యాక్టరీ రైఫిళ్లు ఈ ట్విస్ట్‌తోనే రావడం. కొనేవాడు ఏ లెక్కా వేయకపోయినా సరైన జోడీ చేతికొస్తుంది.
- .308: 155 పామా బుల్లెట్‌కి 1:13, 168కి 1:12, 175, 185లకు 1:11 లేదా 1:10, 200 దాటితే 1:10.

168 గ్రెయిన్ దగ్గర ఒక మెలిక చెప్పాలి. సియెరా కంపెనీ తన మ్యాచ్‌కింగ్ 168 బుల్లెట్‌ను మొదట్లో 300 మీటర్ల పోటీల కోసం రూపొందించింది. 1:12లో దాని ఎస్‌జీ భేషుగ్గా ఉంటుంది. అయినా 1000 గజాలకు చేరేలోపు, వేగం ధ్వని వేగానికి దగ్గరపడేచోట, ఊగిపోయి గురి తప్పుతుందని పేరుపడింది. దాని వెనకభాగపు వాలు 13 డిగ్రీలు. అదే కంపెనీ 175 గ్రెయిన్‌కి 9 డిగ్రీలే, అది ఆ గండం దాటుతుంది. ఎస్‌జీ చెప్పేది బ్యారెల్ దాటేటప్పటి సంగతి. ఆ తర్వాత బుల్లెట్ వేగం తగ్గినంత త్వరగా తిరుగుడు తగ్గదు కాబట్టి ఎస్‌జీ దారిలో పెరుగుతూ పోతుంది. ధ్వని వేగం దగ్గర తలెత్తేది వేరే రకం అస్థిరత, దాన్ని ట్విస్ట్ పెంచి నయం చేయలేరు. ఆ దూరానికి తగిన ఆకారం ఉన్న బుల్లెట్ ఎంచుకోవడమొక్కటే మార్గం.

7. రేంజ్‌లో రుజువు చూసుకోండి

మొదట 100 గజాల దగ్గర, పలుచని కార్డ్‌బోర్డ్ మీద కాదు, బిగుతుగా సాగదీసి అంటించిన కాగితం మీద ఐదు రౌండ్లు కాల్చండి. చిల్లులను దగ్గరికెళ్లి చూడండి. అంచు చుట్టూ సమానంగా బూడిదరంగు వలయం ఉండి గుండ్రంగా ఉంటే బాగుంది. ఒకవైపు సాగి కోడిగుడ్డు ఆకారంలో ఉంటే బుల్లెట్ వాలుగా వచ్చిందన్నమాట. పక్కకు పడుకుని తగిలిన బుల్లెట్ తాళంచెవి రంధ్రం లాంటి చిల్లు చేస్తుంది. అలా కనిపిస్తే వెంటనే ట్విస్ట్‌నే నిందించకండి. అరిగిపోయిన బ్యారెల్, దెబ్బతిన్న మజిల్ (బ్యారెల్ కొస) అంచు, ఆ కొసకు బిగించే మజిల్ బ్రేక్‌కి బుల్లెట్ రాసుకోవడం కూడా ఇదే పని చేస్తాయి.

శబ్దం తగ్గించే సప్రెసర్‌ను బ్యారెల్‌కి బిగించి వాడేవాళ్లు ఈ మొదటి పరీక్షను అది తీసేసి చేయాలి. ఊగుతూ వచ్చిన బుల్లెట్ సప్రెసర్ లోపలి గోడలకు తగిలితే సప్రెసర్ పగిలిపోవచ్చు, పక్కన నిలబడ్డవాళ్లకు గాయాలు కావచ్చు. కొత్త బుల్లెట్, కొత్త బ్యారెల్ కలిసిన ప్రతిసారీ ఇది పాటించండి.

గుండ్రటి చిల్లులు వచ్చినంత మాత్రాన పని అయిపోలేదు, 1.25 ఎస్‌జీ కూడా గుండ్రటి చిల్లులే ఇస్తుందని పైన చూశాం. క్రోనోగ్రాఫ్‌తో వేగం కొలిచి, కంపెనీ ఇచ్చిన బీసీతో బాలిస్టిక్ యాప్‌లో 600 గజాలకు, వీలైతే 800 గజాలకు డ్రాప్ (బుల్లెట్ ఎంత కిందికి దిగుతుందో) తీయండి. గాలి నెమ్మదించిన ఉదయం పూట కాల్చి, బుల్లెట్లు నిజంగా ఎక్కడ తగిలాయో పోల్చండి. అన్నీ ఒకే లెక్కన కిందికి తగులుతుంటే ముందు జీరో (స్కోప్ గురి సరిగ్గా కుదిర్చిన దూరం), స్కోప్ క్లిక్కులు, వేగం సరిచూడండి. అవన్నీ సరిగ్గా ఉండి, దూరం పెరిగేకొద్దీ తేడా పెరుగుతుంటే బీసీ తగ్గిందన్నమాట. ఎస్‌జీ 1.5 లోపు ఉన్న రైఫిల్ అయితే కారణం మీకు ముందే తెలుసు.

పక్కకు పోయే తేడాలోనూ కొంత ట్విస్ట్‌దే. గాడులు కుడివైపు తిరిగే బ్యారెల్ నుంచి వచ్చిన బుల్లెట్ గాలి లేకపోయినా కుడివైపు జరుగుతుంది. .308, 175 గ్రెయిన్‌కి 1000 గజాల దగ్గర ఇది 8 నుంచి 10 అంగుళాలు. యాప్‌లో ట్విస్ట్, బుల్లెట్ పొడవు నింపితే దీన్ని అదే లెక్కలో కలుపుతుంది. ఆ గడులను ఖాళీగా వదిలేసి, ప్రతిసారీ ఎడమ నుంచి గాలి వీస్తోందనుకుని సర్దుకునేవాళ్లు చాలామంది ఉన్నారు.

ఈ పరీక్షను ఏడాదిలో ఒకసారి చేసి వదలకండి. వేసవిలో ఒకసారి, మీ ప్రాంతంలో బాగా చలిపడ్డాక ఒకసారి చేసి, ఉష్ణోగ్రత, స్టేషన్ ప్రెషర్, వేగం, తగిలిన చోటు పుస్తకంలో రాసుకోండి. చలిలో మందు నిదానంగా కాలి వేగం కూడా తగ్గుతుంది కాబట్టి వేగం తిరిగి కొలవకుండా పోల్చితే తప్పు ట్విస్ట్ మీదికి పోతుంది. వేగం తేడా తీసేశాక కూడా చలిరోజు బీసీ తక్కువగా తేలితే, అదే బ్యారెల్‌కి కాస్త పొట్టి బుల్లెట్ వేయండి: 1:9లో 77 బదులు 69. బ్యారెల్ అరిగి మార్చే రోజు వచ్చినప్పుడు 1:8 అడగండి.